అరవై ఒక్క రోజుల నల్లపావులు

వేట నిషేధం మొదలైన మూడో రోజు సాయంత్రం, ఫిషింగ్ హార్బరులో పదిమంది వింటుండగా, దుర్గారావు తన బోటు యజమానిని ఒక మాట అడిగాడు. అడక్కుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు గాని, అడక్కపోతే ఊపిరాడని స్థితికి అప్పటికే వచ్చి ఉన్నాడు.

దుర్గారావుకి నలభై ఎనిమిదేళ్ళు. జాలరిపేట మనిషి. ఇరవై రెండేళ్ళుగా మరబోటుకి డ్రైవరు. బోటు నడిపేవాణ్ణి ఇక్కడ డ్రైవరనే అంటారు. సారంగు అనే పాతమాట ముసలివాళ్ళ నోట మిగిలిందంతే. ఒకసారి రేవు కాలవ దాటి సముద్రంలో పడితే పదిహేను రోజులు, ఒక్కోసారి ఇరవై. ఆ రోజులన్నీ డ్రైవరు ఉండేది బోటు మధ్యలో నాలుగడుగుల గదిలో. చుక్కాని, అద్దాల కిటికీ, దిక్సూచి, అమ్మవారి పటం, కూర్చోడానికో బల్ల. అంతే.

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేస్తుంది. అరవై ఒక్క రోజులు. బోట్లన్నీ ఒక్కసారిగా రేవుకి చేరతాయి. గట్టు చాలదు కాబట్టి ఒక దాని పక్కన ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఆరేడు వరసలు. గట్టునుంచి ఆఖరి బోటు దాకా పాదం తడవకుండా నడిచిపోవచ్చు. లోపలి వరసలో ఉన్న బోటు కదలాలంటే బయటి వాళ్ళందరూ కదలాలి. మనుషుల సంగతీ అంతే. వలలు కుట్టుకుంటారు, పేకాడతారు, టార్పాలిన్ నీడలో పడుకుంటారు, లేచి మళ్ళీ పేకాడతారు.

దుర్గారావు యజమాని శ్రీరామ్మూర్తికి మాత్రం చదరంగం పిచ్చి. బోర్లించిన ఐసుపెట్టె మీద బల్ల పరిచి, సాయంత్రం నాలుగయ్యేసరికి ఎవరో ఒకణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. తెల్లపావులు యజమానివి. నల్లపావులు ఎదుటివాడివి. ఇది ఎవరూ రాసిపెట్టని రూలు. చదరంగంలో తెల్లవాళ్ళది మొదటి ఎత్తు. ఎంత తెలివిగలవాడైనా నల్లపావులవాడు ముందు తనని తాను కాపాడుకోవాలి, ఆ తర్వాతే ఏదైనా. బెంగాలు వైపు మనం ఏనుగనే పావుని నౌక అంటారు. రష్యా వాళ్ళూ పడవనే అంటారట. ఆ లెక్కన చదరంగం మన రేవులో ఆడదగ్గ ఆటే. కాకపోతే మన రేవులో పడవలు ఎవరివో, నడిపేది ఎవరో బల్ల వెయ్యకముందే తేలిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రం అలవాటుగా ఓడిపోయాక దుర్గారావు పావులు సర్దుతూ అన్నాడు.

"బాబూ, ఈ ఏడు నన్ను దింపెయ్యండి."

"ఏటీ?"

"బోటు మీంచి. స్లిప్‌వేలో వించి నడిపే ముసలాయన మానేత్తన్నాడు. నన్ను తీసుకుంతామన్నారు. మీరు ఒక్క మాట సెప్తే సాలు."

బోట్లని గట్టుకి లాగి మరమ్మతు చేసేచోటు స్లిప్‌వే. లాగే యంత్రం వించి. రేవులో ఒక ఆచారం ఉంది: పాత యజమాని పిలిచి 'వీడు మంచిగానే దిగాడు' అని చెప్పందే డ్రైవరుని ఇంకో చోట ఎవరూ పెట్టుకోరు. మాట లేకుండా దిగినవాడు ఇంట్లోనే కూర్చోవాలి.

"ఎందుకురా దిగడం? ఒంట్లో బాగోనేదా?"

"బాగానే ఉంది."

"మరేటి?"

"ఊరికే."

శ్రీరామ్మూర్తి చుట్టూ ఉన్నవాళ్ళని చూసి నవ్వాడు. "ఊరికే దిగిపోతాడంట! ఒరే, ఇరవై రెండేళ్ళు నడిపినోడివి. సరే ఇను. నిషేధం అయ్యేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నల్లపావుల్తో నన్నోడించు. అదే రోజు ఫోన్ సేసి సెప్పేత్తాను. ఓడించనేకపోతే జూన్ పదైదున ఎక్కు."

అందరూ ఈలలు వేశారు. దుర్గారావు బావమరిది ఎల్లాజీ కూడా వేశాడు. అదే బోటు మీద రెండో డ్రైవరు ఎల్లాజీ. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి, నోరు ఊరుకోదు. "మా బావ నల్లపావుల్తో గెలవడం కన్నా రొయ్య గట్టెక్కి నడవడం సులువు," అన్నాడు.

అసలు కారణం దుర్గారావు చెప్పలేకపోయాడు. చెప్పగలిగేది కాదు. కిందటి నవంబరులో వాయుగుండంలో చిక్కుకున్నప్పుడు ఒక కెరటం డ్రైవరు గది తలుపుని వంచేసింది. తలుపు తెరుచుకోలేదు. లోపల దుర్గారావు, బయట సముద్రం. చుక్కాని వదిలితే బోటు పక్కకి తిరుగుతుంది. ముప్ఫై గంటలు నిలబడే ఉన్నాడు. బోటు ఇంటికొచ్చింది, మనుషులందరూ ఇంటికొచ్చారు, యజమాని అందరి ముందూ మెచ్చుకున్నాడు. కాని అప్పట్నుంచీ ఆ గదిలో అడుగుపెడితే ఊపిరాడడం లేదు. చెమటలు పట్టి చేతులు జారిపోతున్నాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి ట్రిప్పూ అలాగే నడిపాడు, కిటికీలోంచి తల బయటపెట్టి. భార్య ఈశ్వరికి ఒక్కదానికే తెలుసు. భయపడే డ్రైవరని ఒకసారి పేరు పడితే ఆ పేరు చచ్చేదాకా పోదు. పేటలో పిల్లలు కూడా అతని పేరు చెప్పి నవ్వుతారు.

"ఓడించగలవా మావా?" అంది ఈశ్వరి ఆ రాత్రి అన్నం పెడుతూ.

"నాను..."

"నాను అంటే?"

"నాను అంటే గలనని కాదే. నానేటో తెలుసు కదా నీకు, అని." తనేమన్నాడో తనకే అర్థం కాలేదు. ఆమె నవ్వలేదు.

తర్వాతి పది రోజుల్లో పదకొండు ఆటలు ఓడిపోయాడు.

పన్నెండో ఆట మొదలవుతుండగా కూర్మన్నపాలెం నుంచి కామరాజు గారు వచ్చారు. చేపల కోసం వచ్చారు. స్టీలు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నిషేధమని తెలిసినా ఆదివారం సంచీ పట్టుకుని రేవుకి రావడం మానలేరు. చేపలు లేవు. ఆట ఉంది. నిలబడి చూశారు. దుర్గారావు ఇరవై మూడో ఎత్తులో ఓడిపోయి గట్టు మీదికి వచ్చాక దగ్గరికొచ్చి, "ఏవండీ, మీ ఒంటె సంగతేంటి?" అన్నారు.

"ఏ ఒంటె బాబూ?"

"మంత్రి పక్కనుండేది. ఆటయ్యేదాకా పుట్టిన గడిలోంచి కదల్లేదండి అది. మొదటి ఎత్తులోనే రాజు ముందు బంటుని ఒక గడి జరిపి దాని దారి మీరే మూసేశారు. ఒక పావు జైల్లో పెట్టుకుని యుద్ధం ఎలా చేస్తారండీ?"

దుర్గారావు వెనక్కి తిరిగి బోట్ల వరసల వైపు చూశాడు. గట్టునానుకుని లోపలి వరసలో అతని బోటే ఉంది.

"బయటికి తీసే దారుందేటి?"

"ఉందండి. నూట నలభై ఏళ్ళయింది కనిపెట్టి. రేపు ఇంటికి రండి."

మర్నాడు దుర్గారావు రెండు బస్సులు మారాడు. గాజువాకలో అరగంట నిలబడి, కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగి, అడుగుతూ అడుగుతూ వెళ్ళాడు. కామరాజు గారి ఇంట్లో ఎవరూ లేరు, పుస్తకాలు తప్ప. బల్ల మీద ఒక తెల్ల గుర్రం తప్పిపోతే దాని బదులు పెద్ద ఇనప నట్టు నిలబెట్టి ఉంది.

"దీని పేరు కారో-కాన్ అండి. యూరప్‌లో ఇద్దరు పెద్దమనుషుల పేర్లు. పేరుతో మనకి పని లేదు. చూడండి. ఆయన రాజు ముందు బంటుని రెండు గళ్ళు తోస్తాడు. మీరు ఆ ఒంటె ముందున్న బంటుని ఒక్క గడి జరపండి. చిన్న అడుగు. చూసినవాళ్ళు భయపడ్డాడనుకుంటారు, అనుకోనివ్వండి. రెండో ఎత్తు మంత్రి ముందు బంటు, రెండు గళ్ళు. దాని వెనక ఇది కాపలా. మూడు, ఇప్పుడు ఒంటెని బయటికి తియ్యండి. అది బయటికొచ్చాకే రాజు ముందు బంటుని జరిపి గేటు వెయ్యాలి. ముందు బోటు, తర్వాత గేటు. అర్థమైందాండీ?"

"అర్థమైంది బాబూ."

"ఇంకొకటండి. ఇది కొట్టే ఆట కాదు, కూర్చునే ఆట. మా కొలిమిని ఆపడానికి ఉండదండి. పండగైనా, పెళ్ళైనా, అది మండుతూనే ఉంటుంది. దాని పక్కన కూర్చుని చూస్తుండడమే పని. ఏమీ జరక్కపోతే ఆ రోజు బాగా చేశామని లెక్క. అలా ఆడాలి."

వారానికి మూడుసార్లు వెళ్ళాడు. ఎండలో, బస్సులో నిలబడి, చేతిలో ఏ పావూ లేకుండానే వేళ్ళతో ఎత్తులు వేసుకుంటూ. బస్సు కిక్కిరిస్తే దిగిపోయి తర్వాతి బస్సు కోసం చూసేవాడు. దీని సంగతి కామరాజు గారు అడగలేదు. ఆలస్యమైనందుకు టీ చల్లారిపోయిందని మాత్రం గొణిగేవారు.

మే నెల మధ్యకల్లా హార్బరులో ఒక వింత జరిగింది. దుర్గారావు ఓడిపోవడం మానేశాడు.

గెలవనూ లేదు. శ్రీరామ్మూర్తి గుర్రాలతో దూకేవాడు, ఏనుగులతో గుద్దేవాడు. ఎదురుగా బంట్లు ఒకదానికొకటి భుజం ఆనించుకుని అలాగే నిలబడేవి. పావులు ఒక్కొక్కటే మార్పిడై, ఆఖరికి రాజులిద్దరూ నాలుగైదు బంట్లతో మిగిలి, చీకటి పడి, ఎవరో ఒకరు "డ్రా" అనేవారు. ఆ మర్నాడూ డ్రా. ఆ మర్నాడూ.

"ఏటిరా ఇది, ఆటా, జబ్బా?" అనేవాడు యజమాని. "మీద పడవేటి?"

"పడితే కొట్టేత్తారు కదా బాబూ."

"పడకపోతే గెలుత్తావా?"

దుర్గారావు పావులు సర్దేవాడు. ఓడిపోని ఆట నేర్చుకున్నాడు. ఓడిపోకపోవడం పందెంలో లేదు. ఇదే మాట కూర్మన్నపాలెంలో అడిగితే కామరాజు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆయన విసుగెత్తాలండి. విసుగొస్తే అంచున ఉన్న బంటుని రెండు గళ్ళు తోస్తాడు, మీ ఒంటెని తరమడానికి. అదొక్కటే జాగ్రత్త. ఆ బంటు కదిలిందంటే గేటు వెయ్యడం ఆపండి. మీ అంచు బంటుని ఎదురు తొయ్యండి. లేకపోతే ఒంటె బయట ఉంటుంది, ఇంటికి దారి ఉండదు," అన్నారు.

దుర్గారావు తలూపాడు. నిజానికి ఈ మాట అతని బుర్రకెక్కలేదు. రేవులో ఇరుక్కోవడం తెలుసు. కాలవలో ఇరుక్కోవడం తెలుసు. కాలవ దాటి పెద్ద నీళ్ళలో పడ్డాక బోటుని పట్టేవాడు ఎవడుంటాడు? ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడూ వెనక గేటు ఏమైందని తిరిగి చూడలేదు. ఏ బోటు మనిషీ చూడడు.

జూన్ పద్నాలుగు. రేవంతా ఐసు లారీలు, డీజిలు వాసన, కొబ్బరికాయల పీచు. మర్నాడు పొద్దున్నే బోట్లు కదలాలి. మూడింటికి ఐసుపెట్టె చుట్టూ యాభై మంది చేరారు. ఈశ్వరి కూడా వచ్చి వలల గుట్ట పక్కన నిలబడింది.

శ్రీరామ్మూర్తి తొందరలో ఉన్నాడు. వరసగా ఇరవై డ్రాలు చూసిన మనిషి. మూడో ఎత్తులో మధ్య బంటుని ఇంకా ముందుకి తోశాడు. దుర్గారావు ఒంటెని బయటికి తీశాడు. యజమాని అంచున ఉన్న బంటుని పట్టుకుని రెండు గళ్ళు తోశాడు.

దుర్గారావు దాన్ని చూశాడు. ఒంటె బయట ఉంది. గుండె తేలికపడింది. చెయ్యి దానంతటదే వెళ్ళి రాజు ముందు బంటుని ఒక గడి జరిపింది.

వేలు తీసిన మరుక్షణం తెలిసింది. అంచు బంటు పక్కనున్న తెల్లబంటు రెండు గళ్ళు వచ్చి ఒంటె మీద పడింది. అది ముందుకి పారిపోయింది. మూడో బంటు తరిమింది. వెనక్కి వచ్చింది. అంచు బంటు ఇంకో గడి జరిగి దారి మూసేసింది. బల్ల మధ్యన, అంత ఖాళీలో, ఒంటెకి నిలబడే చోటు లేదు. ఒక్క బంటుని తీసుకుని పోయింది.

"అయిపోనాది బావా," అన్నాడు ఎల్లాజీ. ఈసారి వెక్కిరింపు లేదు.

"టీ తెండిరా," అన్నాడు యజమాని. "ఎల్లాజీ, మీ బావ బట్టలు బోటులో పెట్టెయ్."

దుర్గారావుకి చెమట పట్టింది. ఆ చెమట తెలిసినదే. చుట్టూ యాభై మంది, మీద టార్పాలిన్. లేచి పోదామనుకున్నాడు. లేస్తే ఓడినట్టు. కూర్చుంటే ఊపిరాడదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, "కూసింత గాలాడనీండర్రా," అన్నాడు. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. అంతకుమించి వెళ్ళలేదు.

కూర్చున్నాడు. కూర్చోవడం ఒక్కటే నేర్చుకున్నాడు కాబట్టి. ఒంటెని తరిమిన ఆ మూడు బంట్లూ తెల్లరాజు ఇంటి ముందువే అని చూడడానికి అతనికి పావుగంట పట్టింది. రాజు మధ్యలోనే ఉన్నాడు, తలుపుల్లేని ఇంట్లో. యజమాని ఒక చెవిలో ఫోను పెట్టుకుని ఐసు లారీవాణ్ణి తిడుతూ ఆడుతున్నాడు. దుర్గారావు బంటుని తోసి మధ్యలో గోడ పగలగొట్టాడు. గుర్రాన్ని ముందుకి తెచ్చాడు. ఇంకో ఆరు ఎత్తుల తర్వాత ఆ గుర్రం ఒకే గెంతులో రాజుకి చెక్ చెప్పి ఏనుగుని పట్టింది.

ఫోను జేబులోకి పోయింది.

అయిదున్నరకి ఇద్దరి బలగమూ దాదాపు సమానమైంది. శ్రీరామ్మూర్తి ఒళ్ళు విరుచుకుని, "సర్లేరా. డ్రా అనుకుందాం. బాగా ఆడినావు," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒంటె పోగొట్టుకున్నవాడికి డ్రా అంటే గొప్పే.

"వద్దు బాబూ," అన్నాడు దుర్గారావు.

"ఏటి వద్దు?"

"ఆడండి."

యజమాని మొహం ఎర్రబడింది. ఆ ఎత్తూ, తర్వాతి రెండెత్తులూ కోపంలో వేశాడు. నాలుగో ఎత్తుకి నల్ల మంత్రి తెరుచుకున్న పక్కనుంచి దిగింది, నల్ల ఏనుగు వెనక నిలిచింది. తెల్లరాజుకి కదలడానికి ఒక్క గడి లేదు.

ఎవరూ ఈల వెయ్యలేదు. యజమాని ఓడిపోతే ఏం చెయ్యాలో రేవులో ఎవరికీ అలవాటు లేదు. బల్ల వైపు చాలాసేపు చూసి ఆయనే నవ్వాడు. ఫోను తీసి, అందరూ వింటుండగానే స్లిప్‌వే మేనేజరుకి చెప్పాడు. "మావోడు మంచిగానే దిగినాడు. తీసుకోండి." ఫోను పెట్టేశాక దుర్గారావు భుజం మీద చెయ్యేశాడు.

"మాటిచ్చినాను, సెప్పినాను. అయితే ఒరే, రేపు పొద్దున్న బోటెలా ఎల్తాది? ఇప్పుడు డ్రైవర్ని ఎక్కణ్ణించి తేను? నీ సీటులో ఎవుణ్ణి కూసోబెట్టమంతావో నువ్వే సెప్పు. నువ్వు సూపించినోణ్ణే ఎక్కిత్తాను."

న్యాయమైన మాటే. ఎవరూ తప్పనలేదు. ఆ బోటు ఇంజను, ఆ చుక్కాని లాగుడు తెలిసినవాడు రేవంతా వెతికినా ఒక్కడే. వాడు దుర్గారావుకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. వలల గుట్ట దగ్గర ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎల్లాజీ ఆమె తమ్ముడు.

దుర్గారావు ఎల్లాజీ రెక్క పట్టుకుని ఐసు లారీల వెనక్కి తీసుకుపోయాడు.

"నువ్వెక్కకు," అన్నాడు.

"ఎందుకు బావా? డ్రైవరు సీటు నాకేటి సేదా?"

"ఆ గదిలో..." ఏడు నెలలు మూసిపెట్టిన మాట. "నాకు ఆ గదిలో ఊపిరాడదురా. నవంబరు కాణ్ణుంచీ. భయం. నాను ఊరికే దిగనేదు, భయంతో దిగినాను. అలాటి సోటుకి నిన్ను పంపి నాను గట్టు మీద కూసోనేను."

ఎల్లాజీ అతని వైపు వింతగా చూశాడు.

"నాకు తెల్దనుకున్నావేటి? ఆ రోజు గాలి తగ్గాక గొడ్డలెట్టి తలుపు ఇరగ్గొట్టింది ఎవుడు? నానే కదా. తలుపు పడగానే నీ కళ్ళు సూసినాను. నా వైపు సూత్తన్నావు గాని నన్ను సూడ్డం నేదు. ఆ తర్వాత అయిదు నెల్లూ నువ్వు కిటికీలోంచి తల పెట్టి నడుపుతుంటే సల్లగాలి కోసమనుకుంతామేటి? బోటు మీద అందరికీ తెలుసు బావా."

"అందరికీ?"

"బాబుకి తప్ప."

"మరెవుడూ ఏటీ అననేదే!"

"ఏటంటారు? ఆ ముప్పై గంటలూ సుక్కాని పట్టుకున్నోణ్ణి ఏటంటారు?"

దుర్గారావు లారీకి ఆనుకున్నాడు. ఐసునీళ్ళు చొక్కాలోకి కారుతున్నాయి. దాచుకున్నదేదీ దాగలేదు. దాన్ని దాచడానికే కదా పందెం ఒప్పుకున్నాడు, నెలన్నర బస్సులెక్కాడు.

"నాకు సీటు కావాల బావా," అన్నాడు ఎల్లాజీ. "నువ్వు పంపక్కర్నేదు. నానే ఎక్కుతాను. అక్కకి నువ్వే సర్దిసెప్పుకో."

పొద్దున్నే బయటి వరసలు ఒక్కొక్కటే విడిపోయి బోటు కాలవలోకి మళ్ళింది. ఎల్లాజీ వెనక్కి చూడలేదు, చూసే పని డ్రైవరుకి ఉండదు. ఎనిమిదింటికి దుర్గారావు స్లిప్‌వేకి వెళ్ళి వించి దగ్గర నిలబడ్డాడు. పైకప్పు లేదు, గోడల్లేవు. నాలుగు వైపులా గాలి. ఒక బోటుని గట్టుకి లాగాడు. సాయంత్రం అయిదింటికి చేతులు కడుక్కుని నేరుగా బోట్లవాళ్ళ సంఘం ఆఫీసుకి నడిచాడు.

అక్కడ చిన్న గదిలో వైర్‌లెస్ సెట్టుంది. తీరానికి దగ్గరలో ఉన్నంతసేపే, మొదటి రెండు రోజులు, బోట్ల గొంతులు అందుతాయి. తర్వాత పదిహేను రోజులు ఏమీ ఉండదు. సెట్టు దగ్గర కూర్చున్నవాడు లోపలికి రమ్మని సైగ చేశాడు. దుర్గారావు గడప దాటలేకపోయాడు. బయటే, కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. మైకుని తీగ సాగినంత మేర లాగి చువ్వల దగ్గరికి అందించాడు సెట్టువాడు.

"ఎల్లాజీ... ఒరే, ఇనిపిత్తందా?"

గరగరల మధ్యనుంచి గొంతు వచ్చింది. "ఆ, సెప్పు బావా."

దుర్గారావు మైకుని నోటి దగ్గరికి లాక్కున్నాడు. "ఎలాగుంది?"

గరగర. ఇంజను చప్పుడు. ఎల్లాజీ వెంటనే పలకలేదు. ఎప్పుడూ అంతసేపు మాట్లాడకుండా ఉండే మనిషి కాదు.

"గాలి బానే ఉంది బావా," అన్నాడు. "నువ్వింటికెల్లు."

దుర్గారావు చువ్వలు వదల్లేదు.